గుమ్మంలో పట్టని మిషను

మా బావని పోత కార్ఖానాలో అందరూ వెంట్రుకవాసి మాస్టారు అనేవాళ్ళు. ఎగతాళికి పెట్టిన పేరే, ఆయన మాత్రం దాన్ని బిరుదులా మోశాడు. కొయ్యముక్క చేతికిస్తే బొటనవేలితో తడిమి, "ఇది వెంట్రుకవాసి ఎక్కువుంది" అనేవాడు. కొలిస్తే ఉండేది. అలాంటి మనిషికి నాలాంటి దర్జీవాడు బావమరిది అయ్యాడు. మాది మెత్తటి పని. గుడ్డ సాగుతుంది, తొడుక్కునేవాడు లావెక్కుతాడు, కుట్టు విప్పి మళ్ళీ వేస్తాం. బావ దృష్టిలో అది పనే కాదు, కాలక్షేపం. ఆ మాట ఆయన నా మొహం మీదే అనేవాడు, నేనూ ఊరుకునేవాణ్ణి కాదు. ముప్ఫై ఏళ్ళు మా ఇద్దరికీ అదే వేళాకోళం.

ఆయన పనేమిటో ముందు చెప్పాలి. ఇనుముతో ఏదైనా పోత పొయ్యాలంటే మొదట అదే ఆకారంలో కొయ్యతో ఒక అచ్చు చెయ్యాలి. ఆ అచ్చుని ఇసకలో అదిమి పైకి తీసేస్తే గుంట మిగులుతుంది, అందులో కరిగిన ఇనుము పోస్తారు. ఆ కొయ్య అచ్చులు చేసేవాడు మా బావ. ఇనుము చల్లారేటప్పుడు కాస్త ముడుచుకుపోతుందట. అందుకని అచ్చు ఆ మేరకు పెద్దగా ఉండాలి. ప్రతిసారీ కాగితం మీద లెక్కలు వేసుకోకుండా వాళ్ళకి వేరే స్కేలు ఉంటుంది. చూడ్డానికి అందరి స్కేలు లాంటిదే. కానీ దాని మీద ప్రతి అంగుళమూ మన అంగుళం కంటే ఒక్క పిసరు పొడుగు. రెండు రకాలూ కలిస్తే కొంప మునుగుతుందని అచ్చుల గదిలోకి మామూలు స్కేలు రానిచ్చేవాళ్ళు కాదు. అంటే ముప్ఫై ఎనిమిదేళ్ళు మా బావ చేతికి ఆ ఒక్క స్కేలే తెలుసు. రిటైరయ్యే రోజున దాన్నే అడిగి ఇంటికి తెచ్చుకున్నాడు.

ఆ పనిలో ఒక అన్యాయం ఉంది. పంపులూ పళ్ళచక్రాలూ ఊరంతా తిరుగుతాయి, వాటి అచ్చులు మాత్రం కార్ఖానా అటక మీదే పడుంటాయి, చెదలు పడితే పొయ్యిలోకి పోతాయి. మా అక్క నవ్వుతూనే దెప్పేది, "ఇన్నేళ్ళు కొయ్యతోనే కాపురం చేశారు కదండీ, ఇంట్లోకి ఒక్క పీటైనా చేశారా?" అని. నిజంగానే ఆ ఇంట్లో ఆయన చేతి వస్తువు ఒక్కటీ లేదు. పిల్లల్లేని ఇల్లు, ఉన్న సామానంతా కొనుక్కున్నదే.

అరవై నాలుగో ఏట అక్కకి తుంటి అరిగింది. నడక ఫరవాలేదు గానీ పక్క మీంచి లేవడమే గండం. వాళ్ళ మంచం మరీ కిందకి ఉండేది. అక్క ముందుకి వంగి, కిటికీ ఊచ అందుకుని, "ఒకటి, రెండు, మూడు" అని లెక్కపెట్టుకుని లేచేది. మూడుకి లేవలేకపోతే మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టేది. వ్యాయామం నేర్పే డాక్టరమ్మ చూసి, మంచం మోకాలెత్తున ఉండాలి, ఎడమవైపు పట్టుకోడానికి గట్టి కమ్మీ ఉండాలి, ఈ మంచం మీంచి లేస్తూ ఏదో ఒకరోజు పడిపోతారు అని తేల్చి చెప్పింది.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది, ఆలస్యం ఓర్చుకోలేను. మర్నాడే నాలుగు ఇటుకలు తెచ్చి మంచం కోళ్ళ కింద పెట్టాను. అక్క కూర్చోగానే మంచం కిర్రుమని పక్కకి ఊగింది.

"ఒరేయ్ తమ్ముడూ, నన్ను పడుకోబెడతావా, పడగొడతావా?" అని కేకేసింది అక్క.

ఇటుకలు తీసేశాను. దుకాణంలో కొందామన్నాను. అక్క నావైపు చూడలేదు, బావని చూసింది. "నాకు మీ చేతి మంచం కావాలండీ. ఇన్నాళ్ళకి ఒక్కటి అడుగుతున్నాను."

ఆ మాటకి బావ మొహం ఎలా వెలిగిందో నేను చూశాను. అప్పటికప్పుడే అక్కని చెప్పుల్లేకుండా స్టూలు మీద కూర్చోబెట్టి, స్కేలు తెచ్చి, మడమ నుంచి మోకాలి మడత దాకా కొలిచాడు. పందొమ్మిదిన్నర. పుస్తకంలో రాసి కింద గీత గీశాడు.

చిక్కల్లా ఆయన కుడి మణికట్టు. అన్నేళ్ళు చిత్రిక పట్టీ పట్టీ అక్కడి ఎముకలు అరిగిపోయాయి. పది నిమిషాలు చిత్రిక తోస్తే చెయ్యి వాచేది. మంచానికి కోళ్ళు నాలుగూ, పొడుగు పట్టెలు రెండూ, అడ్డ పట్టెలూ, కమ్మీ, అంత కర్ర ఆ చేత్తో సాగదు. అందుకని మిషను కావాలన్నాడు. కర్ర కొయ్యడం, చిత్రిక పట్టడం, అతుకులకి గాళ్ళు తియ్యడం, అన్నీ ఒకే మోటారు మీద చేసే మిషన్లు ఉంటాయి. ఇంట్లో చిన్న గది ఉన్నవాళ్ళ కోసం చేసినవి. కొత్తవి రేకు డబ్బాలనీ, పాతవే మిషన్లనీ ఆయన నమ్మకం. వెనక సందులోకి తెరుచుకునే గది ఒకటి ఖాళీగా ఉంది. దానికి ఉన్న గుమ్మం ఒక్కటే, అదీ కాంక్రీటులో పాతిన ఇనుప చట్రం.

మేం చూసిన మొదటి మిషను ఆకుపచ్చది. ఒక వడ్రంగి పోయాక ఆయన భార్య అమ్ముతోంది. బావ దాని చుట్టూ రెండుసార్లు తిరిగాడు, వేళ్ళ కణుపులతో కొట్టి చెవి దగ్గర పెట్టి విన్నాడు. కింది చట్రమంతా ఒకే పోత, ఎక్కడా అతుకు లేదు. చట్రం లోపలికి చెయ్యి పెట్టి తడుముతూ నన్ను పిలిచాడు.

"ఇక్కడ పట్టుకుని చూడరా. ఎవరి కన్నూ పడని చోట కూడా మూల గుండ్రంగా తీశాడు. దీని అచ్చు చేసినవాడెవడో మహానుభావుడు."

తర్వాత బల్ల మీద ఒక నాణెం నిలబెట్టి మోటారు వేశాడు. మిషను గుర్రున తిరుగుతూనే ఉంది, నాణెం పడలేదు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. మా అక్కని మొదటిసారి చూసినప్పుడు కూడా ఇంత సంబరపడి ఉండడు అని నేనంటే ఆ ఇంటావిడ కూడా నవ్వింది. పక్కలకి ఉన్న బల్లలు విప్పేసినా చట్రం వెడల్పు ముప్ఫై మూడు ముప్పావు అంగుళాలు వచ్చింది. గోడకి వేలాడుతున్న ఆ వడ్రంగి టేపుతోనే కొలిచాం.

ఇంటికి రాగానే బావ చెప్పులైనా విప్పకుండా వెనక గుమ్మం దగ్గరికి వెళ్ళాడు. మేకుకి వేలాడుతున్న తన స్కేలు తీశాడు, పెన్సిలుతో గుర్తు పెట్టుకుంటూ కొలిచాడు. ముప్ఫై మూడున్నర దాటి ఒక్క గీత. మళ్ళీ కొలిచాడు. మూడోసారి కింద కొలిచాడు. అంతే వచ్చింది. మిషను కంటే గుమ్మం వెంట్రుకవాసి తక్కువ. ఆయన గడపలోనే కూలబడ్డాడు.

నా మెడలో టేపు ఎప్పుడూ ఉంటుంది. గుమ్మానికి అడ్డంగా పట్టి చూసి, "ముప్ఫై నాలుగు ఉంది బావా" అన్నాను.

అంత దిగులులోనూ ఆయనకి నవ్వొచ్చింది. "మీ దర్జీలు కొలతలోనే లూజు కలిపేస్తారురా. ఇది గుమ్మం, పైజమా కాదు."

నేనూ నవ్వాను. నవ్వి టేపు మెడలో వేసుకున్నాను. బిగించి పట్టి ఇంకోసారి చూడొచ్చు. "ఏదీ, నీ స్కేలు పక్కన నా టేపు పెట్టు" అనొచ్చు. ఎందుకంటాను? ఆయన వెంట్రుకవాసి మాస్టారు, నేను పైజమాలు కుట్టేవాణ్ణి. మిషను వద్దని బావ ఆ వడ్రంగి భార్యకి ఫోన్ చేసి చెప్పేశాడు.

ఆ తర్వాత తొమ్మిది నెలలు ఆయన మిషన్లు చూశాడు. మూసేసిన ఒక స్కూలు పనిగదిలో బూడిదరంగుది దొరికింది. దాని చట్రం మూడు ముక్కలు, బోల్టులతో బిగించింది. విప్పి గుమ్మంలోంచి తీసుకెళ్ళొచ్చు, కానీ చిత్రిక బల్ల ఒక మూల వంగిపోయింది. ఇంకోచోట నీలం మిషనుకి బల్ల చక్కగా ఉంది, రంపం నుంచి చిత్రికకి మారాలంటే మాత్రం రెండు బెల్టులు ఊడదియ్యాలి, నాలుగు బోల్టులు విప్పాలి. వాచీ పెట్టుకుని చూశాడు, నలభై నిమిషాలు. ఇంకొకటి అల్యూమినియంది. ఏ గుమ్మంలోనైనా పడుతుంది, ఇద్దరు మోసుకుపోవచ్చు. దాని మీద నాణెం మోటారు వేగం అందుకునే లోపలే పడి దొర్లిపోయింది. అన్నీ ఆయన పుస్తకంలో గళ్ళు గీసి రాసుకున్నాడు. ఆకుపచ్చదానికీ ఒక గడి ఉంది, అందులో అన్నీ బాగున్నాయి. చివర "గుమ్మం" అన్న చోట మాత్రం అడ్డగీత.

సాయంత్రం టీ తాగుతూ ఆ పుస్తకమంతా అక్కకి చదివి వినిపించేవాడు. పాపం అక్క బెల్టుల గురించీ బోల్టుల గురించీ ప్రశ్నలు వేసేది. మూడు లెక్కపెట్టేలోపు లేవలేని మనిషికి నలభై నిమిషాల బెల్టు సంగతి ఎందుకు? నాకు ఒళ్ళు మండిపోయేది.

"ఇలా మీనమేషాలు లెక్కపెడుతూ కూర్చో బావా. ఏదో ఒకటి కొనవయ్యా, ఏడుస్తూనో నవ్వుతూనో మంచం అవుతుంది."

"ఊగే మిషను మీద చేస్తే అతుకులు వదులవుతాయిరా. మీ అక్క బరువంతా ఆ కమ్మీ మీదే వేసి లేవాలి. అది గానీ ఊడిందంటే?" అనేవాడు.

ఆయన భయం అబద్ధం కాదు. అది నాకిప్పుడు తెలుస్తోంది. అప్పుడు మాత్రం సాకులా వినపడింది.

ఒక పొద్దున్న పక్క ఊళ్ళో ఇంకేదో మిషను ఉందంటే బావ చూడ్డానికి వెళ్ళాడు. డాక్టరమ్మ చెప్పిన దగ్గర్నుంచి రోజూ ఆయనే ఎడమచేత్తో అక్కని లేపేవాడు. ఆవేళ అక్క ఒక్కతే లేవబోయింది. కిటికీ ఊచ మీంచి చెయ్యి జారి మంచానికీ గోడకీ మధ్య పడింది. ఆయన తిరిగొచ్చే దాకా, రెండు గంటల సేపు, ఆ సందులో అలాగే ఉంది. తుంటి ఎముక విరిగింది.

ఆస్పత్రి నడవాలో నేను ఒంటికాలి మీద లేచాను. నర్సులు చూస్తున్నారని కూడా చూడలేదు. "పోల్చి పోల్చి మా అక్కని మంచాన పడేశావు కదయ్యా! ఏదో ఒక మిషను కొని ఉంటే ఈపాటికి తొమ్మిది మంచాలు అయ్యేవి. నీ నాణేలూ నువ్వూ!" అన్నాను. ఇంకా చాలా అన్నాను, అవి రాయను.

బావ గోడకి ఆనుకుని నిలబడి ఒక్కటే మాట అన్నాడు. "ఆకుపచ్చది గుమ్మంలో పట్టలేదురా."

మర్నాడే వెళ్ళి అల్యూమినియం మిషను కొన్నాడు. అక్క ఇంటికొచ్చే లోపు మంచం సిద్ధంగా ఉండాలని ఆయన పట్టుదల. వ్యానులో మిషనుతో పాటు ఒక పెద్దాయన వచ్చాడు, జీవితమంతా మిషన్లు దింపినవాడు. దింపేముందు అలవాటుకొద్దీ జేబులోంచి ఇనుప టేపు తీసి గుమ్మానికి పెట్టాడు.

"ముప్ఫై నాలుగు. దీనికి బోలెడు చోటు మాస్టారూ. ఇంతకంటే పెద్ద మిషనైనా పట్టేది."

"ఎంత?" అన్నాడు బావ.

"ముప్ఫై నాలుగు."

బావ మేకు మీంచి స్కేలు తీశాడు. పెద్దాయన చేతిలోని టేపు అడిగి పుచ్చుకుని, రెండూ గడప మీద పక్కపక్కన పరిచాడు. మొదటి గీతలు కలిశాయి. నాలుగు అంగుళాల దగ్గర ఏమీ తెలియలేదు. స్కేలు చివర, ఇరవై నాలుగు ఉన్న చోట, టేపు మీద ఇరవై నాలుగుంబావు ఉంది. గుమ్మాన్ని ఆయన పోత స్కేలుతో కొలిచాడు. చల్లారి ముడుచుకుపోయే ఇనుము కోసం పొడుగు పెంచిన అంగుళాలతో, కదలకుండా నిలబడ్డ గుమ్మాన్ని కొలిచాడు. ఆ స్కేలులో పెద్ద అంగుళాలు కనక గుమ్మం చిన్నదిగా కనిపించింది. ఆకుపచ్చ మిషను మొదటి రోజే ఆ గుమ్మంలోంచి లోపలికి వెళ్ళేది, పక్కన పావు అంగుళం చోటు మిగిలేది.

ఆయన గొంతుక్కూర్చున్న చోటి నుంచే తలెత్తి నన్ను చూశాడు.

"నువ్వు చెప్పావు కదరా."

కోపంగా అనలేదు. తిట్టినా బాగుండేది. ముందురోజు నడవాలో అంత గొంతు చించుకున్నదీ నేనే. సరైన కొలత నా చేతిలో ఉండగా, ఒక్క వేళాకోళానికి నవ్వేసి మెడలో వేసుకున్నవాణ్ణి నేను. ఆయన తప్పు కొలిచాడు. నేను సరిగ్గా కొలిచి వదిలేశాను. ఏది పెద్ద తప్పో ఇప్పటికీ నాకు తేలలేదు.

ఆకుపచ్చ మిషను ఉందేమోనని బావ ఆ వడ్రంగి భార్యకి ఫోన్ చేశాడు. ఎవరూ కొనకపోతే రెండు నెలల కిందటే పాత ఇనుముకి ఇచ్చేశారట. పగలగొట్టడానికి ఇద్దరు మనుషులు పొద్దంతా సమ్మెటలతో కొట్టారని కూడా ఆవిడ చెప్పింది. బావ "సరేనమ్మా" అని ఫోన్ పెట్టేశాడు.

ఆరు రోజులు పగలంతా మేమిద్దరం ఆ ఊగే మిషను దగ్గరే ఉన్నాం. నేను దుకాణం మూసేసి, పట్టెలకి రెండో కొస పట్టుకున్నాను. మిషను వణికిన చోటల్లా కర్ర మీద అలలు పడేవి. వాటిని బావ మణికట్టుకి గుడ్డ చుట్టుకుని చేత్తోనే చిత్రిక పట్టాడు. చెయ్యి మోచేతి దాకా వాచిపోయింది. ఆపమంటే వినలేదు. కొలవాల్సి వచ్చినప్పుడల్లా ఒక్క క్షణం ఆగి, మళ్ళీ ఆ పోత స్కేలే తీసుకునేవాడు. ఎందుకని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. సాయంత్రాలు ఆస్పత్రికి వెళ్తే అక్క మొదట అడిగేది మంచం గురించే. కోళ్ళయ్యాయి అనేవాళ్ళం, పట్టెలయ్యాయి అనేవాళ్ళం. ఒక్కొక్కటీ అవుతున్నకొద్దీ ఆవిడ ఊపిరి కష్టమవుతోంది. కదలకుండా పడుకున్నవాళ్ళకి ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుందని డాక్టరు చెప్పాడు.

ఏడో రోజు మధ్యాహ్నం కమ్మీ బిగించాక వెళ్ళాం. అక్క నా చెయ్యి పట్టుకుంది. మాట చాలా నీరసంగా వచ్చింది.

"నడవాలో మీ బావని ఏదో అన్నావట కదరా. నర్సమ్మ చెప్పింది. ఇంకెప్పుడూ అనకు. ఆయన కొలత తప్పదు. ఆ గుమ్మం కట్టినవాడిదే తప్పు."

బావ మంచం కాళ్ళవైపు నిలబడి ఉన్నాడు. జుట్టంతా రంపపు పొట్టు. అక్కకి చెప్పొద్దని ముందే అనుకున్నాం. నేను కళ్ళతో వద్దని సైగ చేస్తూనే ఉన్నాను.

"తప్పింది" అన్నాడు బావ. "గుమ్మానిది కాదు, నాదే తప్పు. కార్ఖానా స్కేలుతో కొలిచాను. ఆకుపచ్చది పట్టేది. నీ మంచం తొమ్మిది నెలల కిందటే అయ్యేది."

అక్క ఊపిరి రెండుసార్లు పీల్చుకుంది.

"నా మోకాలు కూడా దాంతోనే కొలిచారా?"

"దాంతోనే."

"మంచం?"

"అదీ దాంతోనే."

"అయితే సరిపోతుందిలెండి" అంది అక్క.

ఆ తర్వాత మూడో రోజున అక్క పోయింది.

మంచం వాళ్ళ గదిలో ఉంది. పాతదాన్ని తీసేసి బావ ఒక్కడే దీన్ని బిగించుకున్నాడు. నెల తర్వాత వెళ్తే నన్ను లోపలికి పిలిచి, "ఒక్కసారి కూర్చుని లేచి చూడరా. కమ్మీ ఊగుతోందేమో చెప్పు" అన్నాడు. కూర్చున్నాను. కమ్మీ పట్టుకున్నాను, రాయిలా ఉంది, ఎక్కడా కదల్లేదు. కానీ నా మడమలు నేలకి అందలేదు, కాళ్ళు గాల్లో ఉండిపోయాయి. మా అక్క నాకంటే పొడుగు మనిషి. ఆ మంచం ఎత్తు ఆవిడ ఒక్కదానికే సరిపోతుంది. బావ నా కాళ్ళకేసి చూశాడు, నేను ఆయనకేసి చూశాను. ఇద్దరం గట్టిగా ఏడ్చేశాం.